పగుళ్లతో సహా తీసిన రాయి

ఎమ్మెస్సీ రెండో ఏడాది వేసవిలో నేను నిడుగల్లు కొండకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలో ఏడు వారాలు ఉన్నాను. ఎనభైల మధ్యలో సంగతి. అనంతపురంలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. మా తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మగపిల్లలు ఇద్దరిద్దరు జతగా వెళ్లి, ఏ సత్రంలోనో బడి వరండాలోనో పడుకుని, కొండల పటాలు గీసుకుని వచ్చేవాళ్లు. నన్ను ఎక్కడికి పంపాలో మా మాస్టారికి తోచలేదు. ఆ చిక్కు మా నాన్న తీర్చాడు. ఆయన పావగడ వెళ్లే బస్సులో కండక్టరు. వేరుశనగ మూటలు బస్సు మీద వేసుకుని అనంతపురం వచ్చే రైతు ఒకాయనతో ఆయనకు ఏళ్ల తరబడి స్నేహం. "మా అన్న ఇల్లుంది సార్. అక్కడుంటే నా దగ్గర ఉన్నట్టే" అన్నాడు నాన్న మాస్టారితో, ఆ రైతు గురించి.

అలా ఆ రైతు నాకు పెద్దనాయన అయ్యాడు, ఆయన భార్య పెద్దమ్మ అయింది. ఇంట్లో పెద్దనాయన తమ్ముడు కూడా ఉండేవాడు. పెళ్లయిన కూతుళ్లు మడకశిర వైపు ఉన్నారు. వాళ్ల తాతల కాలం దాకా గొర్రెలే జీవనం. తర్వాత వానకు పండే చేను, వేరుశనగ. నేను వెళ్లేసరికి మందలో పదిహేను గొర్రెలు మిగిలాయి. మూడేళ్లుగా వానలు సరిగా లేవు. పొద్దున సంగటి, వేరుశనగతో నూరిన ఊరిబిండి తిని పెద్దమ్మ గొర్రెలను కొండవైపు తోలుకుపోయేది. నేను సుత్తి, దిక్సూచి, భూతద్దం, సంచి తీసుకుని ఆమె వెంట పోయేదాన్ని. ఆడపిల్లను ఒంటరిగా కొండకు పంపేది లేదని ఆమె మొదటి రోజే చెప్పేసింది. గొర్రెలు మేసే చోట నా పని లేకపోతే, నా పని ఉన్నచోటికే గొర్రెలను మళ్లించేది.

నా పని ఏమిటంటే, ఆ బండల్లో తెల్లగా, గులాబీ రంగుగా సాగిపోయే చారలను పటంలో గుర్తించడం. మామూలు బండ చల్లారి గట్టిపడ్డాక చివర్లో మిగిలిన ద్రవం నెర్రెల్లోకి దూరి, పెద్ద పెద్ద పలుకులుగా గడ్డకడితే ఆ చారలు ఏర్పడతాయి. పెగ్మటైట్ అంటారు. కొన్ని జానెడు వెడల్పు, కొన్ని నిలువెత్తు. వాటిలో పలుగురాయి ఉంటుంది, మాంసం రంగులో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, అద్దం రేకుల్లాంటి అభ్రకం ఉంటుంది. అక్కడక్కడ మసి పుల్లల్లాగా నల్లటి రాయి కూడా. అది టూర్మలిన్. ఆ కొండమీద అది బోలెడు. వారం తిరిగేసరికి దూరం నుంచి చూసి చెప్పగలుగుతున్నానని నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

ఆ వేసవిలో పెద్దనాయన, ఆయన తమ్ముడు చేలో బావిని లోతు చేస్తున్నారు. బండ తగిలింది. పావగడ వైపు నుంచి మందు పెట్టి బండ పేల్చే మనిషి వంతుల ప్రకారం ఊరూరూ తిరిగేవాడు. ఆయన వచ్చి పేల్చి వెళితే, పగిలిన రాళ్లన్నీ ఎత్తిపోయడానికి అన్నదమ్ములకు, పెద్దమ్మకు రెండు వారాలు పట్టేది. సాయంత్రాలు గొర్రెలను దొడ్లోకి తోలి ఆమె గంపలు మోసేది. ఒకరోజు నేనూ దిగాను. అడుగునుంచి నిలువెత్తు పైన, తూర్పు గోడలో, తెల్లచార ఒకటి అడ్డంగా పోతోంది. అందులో బొటనవేలంత, కొన్నిచోట్ల అరచేయంత నల్లటి ముక్కలు. సుత్తితో ఒక ముక్క ఊడగొట్టాను. "ఇదీ టూర్మలినే" అని పైకే అనుకుంటూ పుస్తకంలో రాసి, ముక్కకు నంబరు వేసి సంచిలో పెట్టాను.

రెండు రోజుల తర్వాత కొండమీద ఇంకో చారను కొలుస్తుంటే పెద్దమ్మ పక్కన బండమీద కూర్చుని చూస్తోంది.

"పాపా, దీని పేరేంది?"

"టూర్మలిన్ పెద్దమ్మా."

"మొన్న బావిలోదానికీ అదే పేరు సెప్తివే."

"రెండూ ఒకటే కదా."

"యాడొకటే?" అంటూ ఆమె లేచి వచ్చింది. నల్లపుల్లల పక్కన వేలితో తడిమింది. "ఈడ సూడు. దీని సుట్టూ తెల్లబండ నున్నగా ఉండాది. బావిలోదాని సుట్టూ బండంతా పగిలి సచ్చింది. గంపకెత్తేదాన్ని నేను గదా, నాకు తెలీదా? నల్లది ఉండే కాడ పట్టుకుంటే పొడిపొడిగా రాల్తాది. తుప్పు పట్టినట్టు ఎరుపు గూడా ఉంటాది."

బావిలో ఆ ముక్కను ఊడగొట్టినప్పుడు దాని చుట్టూ ఏముందో నేను చూడనేలేదు. నాకు నల్లటి ముక్క కావాలి, తీసుకున్నాను, అంతే.

ఆ సాయంత్రం భూతద్దం పట్టుకుని మళ్లీ బావిలోకి దిగాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కో నల్లముక్క నుంచి తెల్లరాతిలోకి వెంట్రుకల్లాంటి పగుళ్లు నాలుగు దిక్కులకూ పాకాయి. వాటి వెంట ఇటుక రంగు మరక. నల్లరాయిని దగ్గరగా చూశాను. టూర్మలిన్ మీద నిలువునా గీతలుంటాయి, దీనిమీద ఒక్క గీత లేదు. పగిలిన చోట తారు ముద్దలాగా మెరుస్తోంది, సీసా అడుగు పగిలినట్టు వంపులు తిరిగి ఉంది. పైన గోధుమరంగు పెచ్చు కట్టింది. రెండేళ్ల కిందటి తరగతి నోట్సులో ఒకే ఒక్క వాక్యం గుర్తొచ్చింది. పక్కనున్న రాతిని పగలగొట్టే నల్లరాయి కనిపిస్తే అనుమానించండి అని మాస్టారు అన్నారు. ఎందుకు పగులుతుందో కూడా చెప్పారు. ఆ రాతిలో థోరియం ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా లోపల్లోపలే తన రాతి అల్లికను తానే చెడగొట్టుకుంటుంది. అల్లిక చెడిన రాయి ఉబ్బుతుంది. ఉబ్బితే చుట్టూ ఉన్నది పగలక ఏం చేస్తుంది? ఆ రాయి పేరు అలనైట్. సీరియం, లాంథనం లాంటి విరళ మృత్తికలనే లోహాలున్న సిలికేటు.

అనుమానం వేరు, ఖాయం చేసుకోవడం వేరు. అయస్కాంతం దగ్గర పెట్టాను, లాగలేదు. కాబట్టి ఇనుపరాయి కాదు. చాకుతో గీశాను, గీత పడీపడనట్టు పడింది. ఇంట్లో పాడైన ఫ్యూజు పింగాణీ ముక్క ఒకటి ఉంటే దాని గరుకువైపు రుద్దాను. టూర్మలిన్ అయితే తెల్లగా గీస్తుంది, ఇది బూడిద కలిసిన గోధుమరంగు గీసింది. పెద్దమ్మ రెండు ముక్కలను రెండు అరచేతుల్లో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి, "ఇది తూకం ఉండాది" అంది, బావిలోదాన్ని చూపిస్తూ.

ఎంత తూకమో తెలియాలంటే సన్నటి త్రాసు కావాలి. సంతరోజు ఇద్దరం పావగడ వెళ్లాం. బస్టాండు దాటి, కొండ నీడ పడే వీధిలో నగలు చేసే ముసలాయన అంగడి ఉంది. నాకు కావలసింది సగం చెప్పేసరికే ఆయన దారం తీశాడు.

"గాలిలో ఒక తూకం, నీళ్లలో ఒక తూకం. అంతేనామ్మా? మా తాత కాలం నుంచి మేం చేసేది ఇదే."

దారానికి రాయి వేలాడగట్టి ఒకసారి, గ్లాసు నీళ్లలో ముంచి ఒకసారి తూచాడు. మొదట టూర్మలిన్, తర్వాత బావిది. నేను కాగితం మీద భాగహారం చేశాను. టూర్మలిన్ నీళ్లకు మూడింతల పైన కొద్దిగా తేలింది. బావిది మూడున్నర దాటి నాలుగుకు దగ్గరికొచ్చింది. మళ్లీ తూచమన్నాను. విసుక్కోకుండా తూచాడు. లెక్క మారలేదు.

"ఏం రాయమ్మా ఇది?"

"అదే తెలుసుకోవాల తాతా."

"బంగారం కాదని మాత్రం నేను రాసిస్తాను" అని నవ్వాడు.

ఆ అంగడిలో మా పల్లె పక్క ఊరివాళ్లు ఇద్దరున్నారు. మర్నాడు పొద్దునకల్లా బావి గట్టుమీద పదిమంది చేరారు. బావిలో ఏమో పడిందంట, కంసాలి తూచినాడంట అని. పెద్దనాయన వాళ్లను పంపించేశాడు. అందరూ పోయాక నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"పాపా, నిజం సెప్పు. దాంట్లో ఏముండాది?"

"విరళ మృత్తికలు అంటారు పెద్దనాయనా. అంటే అరుదైన మన్ను."

"మన్నులో అరుదేంది? వాన గదా అరుదు."

"పెట్రోమాక్స్ లైటుకు లోపల తెల్ల సంచి కడతారు సూడు, వెలిగిస్తే తెల్లగా మండేది. ఇట్లాంటి రాళ్లలో ఉండే సరుకుతోనే దాన్ని చేస్తారు."

ఆయన తలగుడ్డ బిగించుకున్నాడు. "అట్లయితే పెండ్లిండ్లకు పనికొచ్చే రాయన్నమాట" అని లేచి పోయాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

మాస్టారికి ఉత్తరం రాశాను. వారానికి జవాబొచ్చింది. నువ్వు రాసిందంతా నిజమైతే వచ్చే గురువారం పరికరం తీసుకుని జీపులో వస్తాను, విడి ముక్క నాకు చాలదు, చుట్టూ ఉన్న రాయి కూడా చూడాలి, ఉన్నది ఉన్నట్టు ఉంచు అని. మందు పెట్టే మనిషి అంతకు మూడు రోజుల ముందే, సోమవారం వస్తాడు. ఈసారి పేల్చేది తూర్పు గోడనే.

నేను పెద్దనాయనను అడిగాను. ఒక్క వారం ఆపుతారా అని. ఆయన చేతిలో గడ్డపార పక్కన పెట్టి, "దానికేం పాపా, ఆపుదాం. మీ మేష్ట్రు రానీ" అన్నాడు. నేను సంతోషంగా వెళ్లి పుస్తకంలో గురువారం కింద గీత గీసుకున్నాను. అంత సులభంగా ఒప్పుకున్నాడేమని నాకు తోచనే లేదు.

మర్నాడు పెద్దమ్మ నన్ను పిలవకుండానే గొర్రెలను తోలుకుపోయింది. నేను పరుగెత్తి కలుసుకున్నాను.

"కోపమా పెద్దమ్మా?"

"నీ మింద యాల కోపం? అడిగేది అడిగితివి. లేదు అని సెప్పల్ల ఆయప్ప. ఆ మనిసికి లేదనే మాట నోట్లో పుట్టదు."

"ఒక వారమే కదా."

ఆమె ఆగి నావైపు తిరిగింది. "మందు పెట్టే మనిసి ఈ సోమారం తప్పితే అన్ని ఊర్లూ తిరిగి మళ్లా వచ్చేకి నెల. అప్పటికి వాన పడ్తాది. వాన పడినాక ఇత్తనమేసుకుంటామా, బావిలో దిగుతామా? ఈ బావి ఈ ఏడుకు ఇంతే ఇంక."

నాకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. రెండేళ్లు బండల గురించే చదివినదాన్ని, ఆ బావిని వాళ్లు ఎందుకు తవ్వుతున్నారో ఒక్కసారి ఆలోచించలేకపోయాను. "ఆపొద్దని చెప్తాను. ఉన్న ముక్కే మాస్టారికి చూపిస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె గొర్రెలను రేగుచెట్ల వైపు మళ్లించి వచ్చింది. "మీ మేష్ట్రుకు గోడ గావల్నా, గోడలో రాయి గావల్నా?"

"రాయీ, దాని చుట్టూ ఉన్న పగుళ్లూ. అంతా."

"అంతా అంటే ఎంత?"

చేతులు చాపి చూపించాను. మూరెడు పొడవు, జానెడు మందం.

"అంతే గదా. శనివారం లోపల కోసి తీద్దాం పా."

"పగిలిన రాయి పెద్దమ్మా. కదిలిస్తే పొడి అయిపోతుంది. నువ్వే చెప్పావు కదా."

"గాదెకు అలికినట్టు అలికితే యాడికి పోతాది?"

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. ముందు నేను గోడ మొత్తాన్ని కొలిచి కాగితం మీద బొమ్మ గీశాను. చార ఎక్కడ మొదలై ఎటు పోతుందో, నల్లముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ గుర్తుపెట్టాను. తీయబోయే రాతి మీద సుద్దతో పైవైపు ఏదో, ఉత్తరం ఎటో రాశాను. పెద్దమ్మ గోనెసంచి చీల్చి పేలికలు చేసింది. ఎర్రమట్టి, పేడ, పిడికెడు రాగుల పొట్టు కలిపి పిసికి, పేలికలను దాంట్లో ముంచి పగిలిన రాతి మీద ఒకదానిమీద ఒకటి అంటించింది. ఇంటికి నీళ్లు అరమైలు నుంచి తెచ్చుకునే రోజులవి. మట్టి కలపడానికి ఆమె ఒక బిందె నీళ్లు పోసేసింది. ఒక ఎండకే అది ఎండి డబ్బాలాగా బిగిసింది.

తర్వాత పెద్దనాయన ఉలి పట్టాడు, తమ్ముడు సమ్మెట అందుకున్నాడు. పెద్ద దెబ్బలు వేయకుండా, చుట్టూ వేలెడు గాడి తీస్తూ పోయారు. నేనూ ఒక చేయి వేద్దామని సుత్తి ఎత్తి, ఒక మూల ఎగరగొట్టాను. "నువ్వు పైకెక్కు పాపా" అన్నాడు తమ్ముడు, మెత్తగానే. ఎక్కి గట్టుమీద కూర్చున్నాను. శనివారం పొద్దెక్కేసరికి రాయి గోడనుంచి విడివడింది. నలుగురం తాళ్లు కట్టి, మెట్లమీదుగా అంగుళం అంగుళం పైకి లాగాం. పైకి వచ్చాక పెద్దమ్మ దానిమీద చేయి వేసి, చూలు గొర్రెను తడిమినట్టు తడిమింది.

సోమవారం అనుకున్నట్టే మందు పెట్టారు. కాళ్ల కింద నేల ఒకసారి అదిరింది. దుమ్ము తగ్గాక చూస్తే తూర్పు గోడ లేదు.

గురువారం మాస్టారు వచ్చారు. బావి అంచున నిలబడి కిందికి చూడగానే ఆయన ముఖం వాడిపోయింది. "ఉన్నది ఉన్నట్టు ఉంచమని రాశాను కదమ్మా" అన్నారు. నేను గోడ బొమ్మ ఇచ్చాను. తర్వాత వేపచెట్టు కిందికి తీసుకెళ్లి మట్టి కట్టు చూపించాను. పెద్దమ్మ నీళ్లు చిలకరించి పేలికలు ఒక్కొక్కటే విప్పింది. ఒక్క పగులు చెదరలేదు. మాస్టారు మోకాళ్లమీద కూర్చుని, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, భూతద్దంతో చాలాసేపు చూశారు. జీపులోంచి రేడియోధార్మికతను పసిగట్టే చిన్న పెట్టెలాంటి పరికరం తెచ్చి దగ్గర పెట్టగానే అది చిటపటమంది. దూరం జరిపితే నెమ్మదించింది. మళ్లీ దగ్గరికి తెస్తే చిటపటలు.

"అలనైటే" అన్నారు. "మిగతాది ప్రయోగశాలలో చూద్దాం, కానీ నాకు సందేహం లేదు. ఇలా కట్టడం నీకెవరు నేర్పారు?"

నేను పెద్దమ్మను చూపించాను. కొండమీద ఆమె నాతో అన్నమాట కూడా చెప్పాను. ఆయన లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టారు. ఆమె సిగ్గుపడి కొంగు సర్దుకుంది. కానీ అడగవలసింది అడిగింది.

"సామీ, అది అట్ల అరుస్తాండాదే. నా సేతులతోనే అలికినా. ఏమన్నా అయితాదా?"

"ఏమీ కాదమ్మా. ఇంత రాతికి భయం లేదు. చేతులు కడుక్కోండి చాలు. మంచం కింద మాత్రం పెట్టుకోకండి."

పెద్దనాయన అప్పటిదాకా వెనక నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకొచ్చాడు. "సార్, ఈ రాయి ఉండాదని మా సేను సర్కారోళ్లు తీసుకుంటారా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. తవ్వి తీసేంత సరుకు అక్కడ లేదనీ, చార పలచనిదనీ, చదువుకునేవాళ్లకు తప్ప ఇంకెవరికీ అది అక్కరకు రాదనీ విడమరిచి చెప్పారు. పెద్దనాయన చెట్టు మొదట్లో చతికిలబడి, తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. కంసాలి అంగడి నుంచి మేం తిరిగొచ్చిన రోజునుంచీ ఆ మనిషి మనసులో ఉన్నది అదన్నమాట. నా ముందు ఒక్క మాట బయటపడలేదు. పైగా నేను అడగ్గానే పని ఆపడానికి ఒప్పుకున్నాడు, తన చేనును పోగొట్టే రాయేమోనని భయపడుతూనే.

రాయి జీపులో వెళ్లిపోయింది. నెల తర్వాత ప్రయోగశాల కూడా అదే మాట చెప్పింది.

నేను పల్లెనుంచి బయల్దేరాల్సిన రోజుకు ముందురోజు వాన పడింది. తెల్లవారేసరికి ఊళ్లో ఒక్కరు ఇంట్లో లేరు. పెద్దనాయన ఎద్దులను విత్తే గొర్రుకు కట్టాడు. విత్తనం పోసే మనుషులు దొరకలేదు, అందరి చేలూ ఒకేసారి పదునెక్కాయి. "బస్సు రేపుగూడా వస్తాది గదా పాపా" అంది పెద్దమ్మ. నాకు నడుముకు ఒడి కట్టి అందులో విత్తనాలు పోసింది. రెండు రోజులు గొర్రు వెనక నడిచాను. మొదటి రోజు నా సాళ్లలో గింజలు ఒకచోట కుప్పగా, ఒకచోట అసలు లేకుండా పడ్డాయి. ఆమె వెనక వస్తూ సరిచేసింది, ఏమీ అనలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి చేయి కుదిరింది. మూడో రోజు పొద్దున నాన్న బస్సు రోడ్డుమీద ఆగితే ఎక్కాను. అరచేతులు బొబ్బలెక్కి టికెట్టు కూడా సరిగా పట్టుకోలేకపోయాను. నాన్న చూసి నవ్వి, టికెట్టు చింపి నా చేతిసంచిలో ఆయనే పెట్టాడు.

ఆ ఏడు వేరుశనగ ఊడలు కాయ కట్టడానికి నేలలోకి దిగే వేళకు వాన ముఖం చాటేసింది. చాలా చేలల్లో గింజలేని లొట్టకాయలే వచ్చాయి, వాళ్లకూ అంతే. బావిలో మాత్రం కార్తీకం నాటికి మోకాటి లోతు నీళ్లు ఊరాయని నాన్న చెప్పాడు. చేనుకు చాలవు. ఇంటికీ, గొర్రెలకూ ఎండాకాలం దాకా సరిపోయాయట.